రిమార్కుల గడి

పేజీ వెడల్పు నూట తొంభై మిల్లీమీటర్లు.
అందులోనే అన్నీ సర్దాలి:
లోతుకి పన్నెండు, పొర బొమ్మకి పదిహేను,
నీటిమట్టానికి ఒక నీలం త్రిభుజం,
తేమ శాతం, కోత బలం, నమూనా నంబరు.
కుడి అంచున మిగిలిన సందులో రిమార్కులు,
ఆఖరి బంతిలో కూర్చున్న చుట్టంలా.
అక్కడిదాకా ఏది వస్తే అదే భోజనం.

ట్రోన్‌హైమ్‌లో మధ్యాహ్నం రెండున్నరకే దీపాలు పెట్టేశారు.
హెడ్డాఫీసుకి కొత్త టెంప్లేటు కావాలట.
లోగో పెద్దదిగా ఉండాలట,
ఒక్కో బోరుకి ఒకటే పేజీ అట.
ఇరవై ఆరు మీటర్ల మట్టి
ఒక ఏ ఫోర్ కాగితంలోకి దిగాలి.
సరేనన్నాను. నాకు జీతమిచ్చేది అందుకే.

ఇసుకకి చుక్కలు. గులకకి సున్నాలు.
బంకమట్టికి ఏటవాలు గీతలు.
గీతకీ గీతకీ ఎంత ఎడమో
ఒక పూటంతా తేలలేదు.
దగ్గరైతే ప్రింటరు నల్లగా అలికేస్తుంది,
దూరమైతే అక్కడ మట్టే లేనట్టుంటుంది.

సరిచూసుకోడానికి ఏదో ఒక పాత బోరు కావాలి.
చేతికందింది తెరిచాను:
స్వార్ట్‌ఓస్ పొలం, బోరు ఏడు.
డ్రిల్లరు ఐలిఫ్ నూర్‌వోల్. పదకొండేళ్ల కిందటిది.
పన్నెండు మీటర్ల దగ్గర, కుడి గడిలో,
"కడ్డీ దానంతటదే"

అంతే. ఆ తర్వాత గడి గోడ.

దానంతటదే ఏమైంది?
విరిగిందా, ఆగిందా, పక్కకి తిరిగిందా?
పక్కన కోత బలం సున్నా.
అది కొలిచిన సున్నా కాదు.
"కొలవలేదు" అనే మాట ఈ సాఫ్ట్‌వేరుకి రాదు.
ఖాళీ కనిపిస్తే చాలు సున్నా వేసేస్తుంది,
లెక్కల మాస్టారికి జడిసిన పిల్లాడిలా.

డేటాబేసులో వాక్యం నిండుగానే ఉంది:
"కడ్డీ దానంతటదే దిగిపోయింది, నేను తొయ్యలేదు.
మూడు మీటర్లు. మెషీనాపి వెనక్కి నడిచాం.
ఇంటావిడ కాఫీ తెచ్చింది.
ఆవిడకి ఎవరైనా చెప్పాలి."

ఆ లోయంతా ఒకనాటి సముద్రం అడుగు.
ఉప్పు తిన్నంత కాలం ఆ మట్టి
విశ్వాసంగానే నిలబడింది.
వేల ఏళ్ల వాన ఆ ఉప్పు కడిగేసింది.
ఇప్పటికీ చూస్తే గట్టిది, వేలితో నొక్కితే గట్టిది.
కదిలిస్తే మజ్జిగ.

అప్పట్లో పంపిన రిపోర్టు వెతికాను.
అందులోనూ అంతే, "కడ్డీ దానంతటదే".
రిమార్కులకి ఇరవై రెండు మిల్లీమీటర్లు.
కింద మూలన, చిన్న అక్షరాల్లో,
టెంప్లేటు తయారుచేసిన వారి పేరు.
నాదే.

ఐలిఫ్ రిటైరయ్యి నామ్సోస్‌లో
పడవ మోటార్లు బాగుచేస్తున్నాడు.
ఫోనులో వెనక ఏదో ఇంజను దగ్గుతోంది.
"స్వార్ట్‌ఓసా? ఆ ముసలావిడకి అప్పుడే చెప్పానుగా.
కాఫీ తాగాను కదమ్మా సిన్నోవె,
చెప్పకుండా ఎలా వస్తాను?
కొట్టాన్ని వాగు పక్కనుంచి బండ మీదికి మార్పించింది.
నీ కాగితం సంగతా?
కాగితంలో ఏం రాశారో నేనెప్పుడూ చూళ్లేదు."

ఫోను పెట్టేసి చాలాసేపు
మౌసు మీద చెయ్యి అలాగే ఉంచాను.
అతను తాగిన ఆ కప్పు కాఫీ
నా పదకొండేళ్ల తప్పుని మోసింది.
మిగతా బోర్ల దగ్గర ఎవరు కాఫీ ఇచ్చారో,
ఎవరు ఇవ్వలేదో.

రిమార్కుల గడిని యాభై ఎనిమిదికి జరిపాను.
మాట పెరిగితే వరుస దిగేలా పెట్టాను.
కొలవని చోట చిన్న అడ్డగీత.
లోగో బొటనవేలి గోరంతయింది.

బోరు ఏడు ఇప్పుడు రెండు పేజీలు.
హెడ్డాఫీసు నుంచి సాయంత్రమే మెయిలు:
రెండో పేజీ సగం ఖాళీగా ఉందేమిటి?

చూశాను. నిజమే, సగం ఖాళీ.
పాత టెంప్లేటుతో వెళ్లిన బోర్లు
నాలుగు వందల పన్నెండు ఉన్నాయి.
కోటు విప్పి మళ్లీ కుర్చీకి తగిలించి
మొదటిది తెరిచాను.